ఉప్పు చూసే నల్లమ్మ

"...చేపలకు పోసుకుంటే మా పిల్లోళ్ళు ఏం తాగల్ల? నీ మొగుడు కట్టిన గాజుపెట్టె కాడికొచ్చి నాకల్లనా?"

కొళాయి వరసలో నాలుగు బిందెల వెనక నిలబడ్డ నల్లమ్మకు ఆ మాట మొదలు వినపడలేదు. చివర వినపడింది. అంత చాలు. ఆమె చంకలో బిందె దించి నేల మీద పెట్టింది.

"ఎవరు పోసినారు ఆంజినమ్మా చేపలకు? యాడుండాయి చేపలు? తొట్టి ఖాళీగా పడుండాది, పోయి చూసిరాపో."

"ఇయ్యాల లేవు. రేపొస్తాయి. నాలుగు బిందెలు పట్టే తొట్టంట. మా ఆయన చూసొచ్చినాడు."

"చేపలకు తలంట్లు గూడా పోస్తారేమో వదినా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. వరసంతా నవ్వింది. నీళ్ళు రాకముందు నవ్వడానికి గుంతకల్లు రైల్వే కాలనీలో ఆ ఏడు అంతకంటే పెద్ద సంగతి దొరకలేదు. ఎనభై అయిదో సంవత్సరం జూన్ నెల. కొళాయి పొద్దున ఒక గంట వచ్చేది. ఇంటికి రెండు బిందెలని ఆడవాళ్ళే తీర్మానం చేసుకున్నారు. మూడో బిందె పెట్టినవాళ్ళ బిందె కాలువలోకి దొర్లేది.

నల్లమ్మ మొగుడు యేసన్న అప్పుడే సైకిలు మీద పనికి పోతున్నాడు. నవ్వు విని బ్రేకు పట్టాడు. ఒక కాలు నేలకానించి, హ్యాండిలు వదలకుండానే అరిచాడు.

"వినండి అందురూ! తాగే నీళ్ళు ఒక్క చుక్క నా తొట్లో పడితే నా పేరు యేసన్న కాదు. సముద్రం నీళ్ళే తెస్తా, సముద్రం నీళ్ళే పోస్తా. తక్కువైనా సముద్రమే, ఎక్కువైనా సముద్రమే. ఇంగ ఎవురన్నా నోరెత్తితే చూడండి!"

సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

నల్లమ్మకు కోపం వచ్చింది. ఆంజినమ్మ మీద కాదు. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆ మనిషి ఒక్కరోజు ఈ వరసలో నిలబడలేదు. బిందె అంచు తుంటికి ఒరుసుకుని కాయ కాసిన చోటు ఆయనకు తెలియదు. నీళ్ళు మోసేది ఒకరు, నీళ్ళ మీద ఒట్టు పెట్టేది ఇంకొకరు. మూతి బిగించుకుని రెండు బిందెలు పట్టుకుని ఇంటికి నడిచింది.

నల్లమ్మది పామిడి దగ్గర పల్లె. పదేళ్ళ వయసు నుంచీ చెనక్కాయ చేలల్లో కూలి. పదహారేళ్ళకు యేసన్నతో చర్చిలో పెళ్ళయి గుంతకల్లు వచ్చింది. పుట్టిన పిల్లలు పెరిగి, పెళ్ళిళ్ళయి వేరే ఊళ్ళల్లో ఉన్నారు. చదువు లేదు, పాట రాదు, చక్కదనం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆమెకున్న గొప్ప ఒకటే, నాలుక. ఆ సంగతి పెళ్ళయిన ఆరేళ్ళకు ఒక క్రిస్మస్ విందులో బయటపడింది. రెండు వందల మందికి గంగాళంలో పప్పు ఉడుకుతుంటే, పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న నల్లమ్మ వేలితో తీసి నాకి, "రెండు పిడికిళ్ళు తక్కువ, మీ పిడికిళ్ళు కాదు, నావి" అంది. వంటమనిషి నవ్వి ఒక పిడికెడే వేశాడు. విస్తర్ల దగ్గర అందరూ ఉప్పు అడిగారు. అప్పటి నుంచి తమవాళ్ళ పెళ్ళయినా చావుభోజనమైనా, గంగాళం దించేముందు "ఉప్పు చూసేదానికి నల్లమ్మను పిలవండప్పా" అనేవాళ్ళు.

మిగతా కులాలవాళ్ళు ఆమెను తమ పొయ్యి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. అట్లాగని ఆమె నాలుకను వదులుకోనూ లేదు. ఊరగాయ పెట్టిన మూడో రోజు, జాడీలోంచి గరిటెడు తీసి ఆకులో వేసుకుని నల్లమ్మ గడప దగ్గరికి వచ్చి, ఆకు నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడేవాళ్ళు. నల్లమ్మ నాకి చెప్పేది. "గుప్పెడు వెయ్యి." "ఇంగ వెయ్యాకు." వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. ఆకు నల్లమ్మే తీసి పారేసేది. ఆంజినమ్మ అట్లా పన్నెండేళ్ళుగా వస్తోంది.

ఇంట్లో కోపం తొట్టితో మొదలు కాలేదు. అంతకు ముందటి ఏడాది నవంబరులో మొదలైంది.

యేసన్న రైలుపెట్టెలు బాగుచేసే షెడ్డులో వడ్రంగి. కిటికీ చట్రాలు ఆయన పని. రిటైరు కావడానికి ఏడాదికి పైచిలుకు ఉంది. ఆ నవంబరులో ఆయన బాగుచేసిన ఒక పెట్టె వానలో పోతుంటే, కిటికీ చట్రం గుండా నీళ్ళు కారి, పడక మీద పడుకున్న ప్రయాణికుడు తడిసి ఫిర్యాదు కాగితం రాసిచ్చాడు. వడ్రంగుల మీద అజమాయిషీకి కొత్తగా వచ్చిన చార్జిమన్ వెంకటప్పకు ముప్పై ఏళ్ళు. అందరూ టీ తాగుతున్నప్పుడు అన్నాడు.

"యేసన్నా, నీ అతుకులు నీళ్ళు పడితే నోళ్ళు తెరుస్తాండాయి. ఇంగ బల్ల కాడ వద్దులే. సామాన్ల గదిలో కూచో. ఉలులు, రంపాలు లెక్క పెట్టి ఇస్తాండు."

ఆ రోజు యేసన్న ఇంటికొచ్చి సంగటి ముట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు. మర్నాటి నుంచి ఆయనకు ప్రతిదాని మీదా కోపం. గొళ్ళెం కిర్రుమంటే కోపం, చెప్పు తెగితే కోపం, నల్లమ్మ దగ్గితే కోపం.

జనవరిలో రైల్వే పాసు మీద మద్రాసు పోయారు, యేసన్న చెల్లెల్ని చూడ్డానికి. సముద్రం ఇద్దరూ అప్పుడే మొదటిసారి చూడ్డం. నల్లమ్మ మోకాళ్ళలోతు దిగితే అల వచ్చి మూతి మీద కొట్టింది. ఉమ్మేసింది. మళ్ళీ ఆగి, పెదవులు నాకి చూసింది.

"ఊరగాయ ఊటకు తక్కువ. చారుకు ఎక్కువ. మజ్జిగ మిరపకాయలు నానేస్తామే, ఆ నీళ్ళంత" అంది.

"సముద్రం కాడికొచ్చి గూడా వంటేనా నీకు?" అన్నాడు యేసన్న.

తిరిగొచ్చేటప్పుడు సెంట్రల్ స్టేషను పక్క సందులో చేపలమ్మే అంగడి కనపడింది. కూరకు కాదు, చూసేదానికి. గాజుతొట్లో గోరంత నీలం చేపలు, తెల్ల పట్టీలున్న నారింజరంగు చేపలు. యేసన్న గాజుకు ముక్కానించి నిలబడ్డాడు. అంగడాయన తెలుగులోనే ఏ ఊరని అడిగి, పడీపడీ నవ్వాడు.

"అనంతపురం జిల్లానా? తాగేదానికే నీళ్ళు లేవు గదప్పా మీకు! ఇది సముద్రం చేప. ఉప్పునీళ్ళల్లో బతకల్ల. ఉప్పునీళ్ళు ఇనుము తింటాయి, రంగు తింటాయి. అట్లాంటి తొట్టి చేసేవాళ్ళు ఈడనే ముగ్గురుండారు. మీ ఊర్లో ఎవుడు చేస్తాడు?"

"నేను చేస్తా" అన్నాడు యేసన్న.

ఆ మాట అంగడాయనకు చెప్పింది కాదని నల్లమ్మకు తెలుసు. వెంకటప్పకు చెప్పాడు. నీళ్ళు పడితే నోరు తెరిచే అతుకులు కదా, సముద్రాన్నే పట్టి నిలబెడతాడు.

అంగడాయన నవ్వు మాని చెప్పాల్సినవి చెప్పాడు. మేకు వాడొద్దు. కిటికీకి పూసే మక్కు వాడితే చేప చస్తుంది. గొట్టంలో వచ్చే రబ్బరు జిగురు వాడాలి. నీళ్ళు, ఇసుక, గవ్వలు పెట్టి నెలరోజులు ఊరికే ఉంచి, ఆ తర్వాతే చేపను వదలాలి. "వారానికొకసారి మేము సగం నీళ్ళు పారబోసి, బీచి నుంచి కొత్త నీళ్ళు తెచ్చి పోస్తాం" అని కూడా చెప్పాడు. ఆయన అంగడికి సముద్రం మైలు దూరం.

తొట్టి, దాని కింద బల్ల, రెండూ కలిసి నాలుగు నెలలు పట్టింది, ఆదివారాలూ సాయంత్రాలూ. పాతసామాన్లవాడి దగ్గర తుక్కుకు పోయిన రైలుపెట్టె టేకు చెక్కలూ, దళసరి కిటికీ అద్దాలూ కొన్నాడు. అద్దం కోసేటప్పుడు నల్లమ్మ ఒక కొస పట్టుకోవాలి. ఊపిరి తీస్తే తిట్టేవాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. అంచులకు జిగురు పూసిన రోజు ఇల్లంతా వెనిగరు లాంటి పుల్లటి వాసన. ఆ వాసనలోనే సంగటి తిన్నారు.

తొట్టి కంటే బల్లకే ఎక్కువ రోజులు పట్టింది. ఒక చెక్కకు నాలుక తీసి, రెండో చెక్కకు గుంట తొలిచి, దాంట్లో దిగ్గొట్టి, అడ్డంగా కర్రమేకు బిగించడం. ఎక్కడా ఇనుము లేదు. నాలుక కొంచెం వదులైతే పారేసి మళ్ళీ మొదటి నుంచీ తీశాడు. ఒక కాలు నాలుగుసార్లు చేశాడు. ఇంట్లో నాపరాళ్ళ నేల ఎత్తుపల్లాలు. రసమట్టం పెట్టి, కాళ్ళ అడుగులు ఆ రాళ్ళ వంపుకు తగ్గట్టు చిత్రిక పట్టాడు. మూడుసార్లు లక్క పూశాడు. అంతా అయ్యాక బల్ల మీద తను కూర్చుని, "ఎక్కు" అన్నాడు నల్లమ్మతో.

"నేనేంటికి?"

"తొట్టి బరువు మనిద్దరి కంటే తక్కువే. ఎక్కు చెప్తా."

ఎక్కి కూర్చుంది. ఇద్దరూ కాళ్ళు వేలాడేసుకుని అట్లా కొంతసేపు ఉన్నారు. బల్ల కిర్రుమనలేదు. నవంబరు తర్వాత యేసన్న మొహంలో కోపం లేకుండా నల్లమ్మ చూసింది ఆ పావుగంటే.

కాలనీ చివర చౌడుబావి ఉంది. తాగడానికి పనికిరాదు, సబ్బు నురగ రాదు. మే నెల మొదట్లో ఆ బావిలో అడుగున మిగిలిన నీళ్ళు తోడి తొట్టి నింపి మూడు రోజులు ఉంచాడు. అద్దం కింద పాత పేపరు పరిచాడు. మూడో రోజు పేపరు తీసి చెంపకు ఆనించుకున్నాడు. పొడిగా ఉంది. నెలాఖరుకు ఆ బావి కూడా ఎండిపోయింది.

మద్రాసు బండిలో పడక పెట్టెకు అటెండరుగా పోయే తిప్పేస్వామి యేసన్నకు పాత స్నేహితుడు. ఒట్టు పెట్టిన వారానికి నాలుగు ప్లాస్టిక్ క్యాన్ల నిండా సముద్రం తెచ్చాడు. "ఏమప్పా, పోలీసులు ఆపి సారాయా అని వాసన చూసినారు. తాగి చూడండి సార్ అంటినా. తాగినాడు పాపం ఒకాయన!" అన్నాడు. నల్లమ్మ పోసేముందు వేలు ముంచి నాకింది. అదే రుచి. మజ్జిగ మిరపకాయల నీళ్ళంత.

నీళ్ళలో గాలి ఊదే చిన్న మోటారు కరెంటు పోతే ఆగిపోతుందని యేసన్న ఇంకో ఏర్పాటు చేశాడు. లారీ ట్యూబు నిండా గాలి కొట్టి, మీద రాయి పెట్టి, ఆసుపత్రి నుంచి తెచ్చిన సెలైను గొట్టం తగిలించాడు. గొట్టానికున్న చక్రం తిప్పితే బుడగ తర్వాత బుడగ వస్తుంది. షెడ్డులో అందరికీ చెప్పుకున్నాడు. పగలు కరెంటు పోతే ఆ ట్యూబుకు పంపు కొట్టేది నల్లమ్మ అని మాత్రం చెప్పలేదు.

జూలైలో చేపలొచ్చాయి, ప్లాస్టిక్ సంచిలో మూడు. రెండు నీలం, ఒకటి నారింజ. వానలు మాత్రం రాలేదు. ఆషాఢం గాలి వచ్చింది. అక్కడ ఆషాఢమంటే గాలే. పడమర నుంచి రాత్రీ పగలూ ఊదుతూ, బట్టలు తాడు మీద వేసి తిరిగేలోపు ఆరిపోయే గాలి. తొట్లో నీళ్ళు రెండు రోజులకు వేలి మందం దిగిపోయేవి. యేసన్న అద్దం మీద సుద్దతో గీత గీశాడు. గీత కంటే దిగితే క్యాను ఎత్తి సముద్రం పోసేవాడు. పదిహేను రోజులకు ఒక క్యాను. తిప్పేస్వామి తెస్తూనే ఉన్నాడు.

చేపలొచ్చిన పన్నెండో రోజు నల్లమ్మ అద్దం తుడుస్తుంటే పై అంచున తెల్లగా పొక్కు కట్టి కనిపించింది. గీరి చూసింది, ఉప్పు. వేలు నీళ్ళలో ముంచి నాకింది. నాలుక చుర్రుమంది.

"ఉప్పు ముదిరింది" అంది.

యేసన్న బీడీ కాలుస్తున్నాడు. "ఏంటికి?"

"తొట్లో ఉప్పు ముదిరింది. ఆ పొద్దు ఇట్ల లేదు. ఊరగాయ ఊట తట్టు పోతాండాది."

"సముద్రానికి ఉప్పు ఎక్కువైందా? ఏమే, బుద్ధుండే మాట్లాడతాండావా? తెచ్చింది సముద్రం. పోసింది సముద్రం."

"చారు పొయ్యి మీద పెట్టి మర్చిపోతే ఏమయితాది? నీళ్ళు పోతాయి. ఉప్పు పోతాదా? మళ్ళా ఉప్పుచారే పోస్తాండావు నువ్వు. మంచినీళ్ళు పోయల్ల."

"సముద్రం మీద ఎండ పడలేదా? గాలి లేదా? ఆ చేపలన్నీ చచ్చినాయా?"

"సముద్రానికి వాన పడతాది. ఏర్లు పోతాయి. మన పెన్నలోనే నీళ్ళు లేవు, నీ తొట్లోకి ఏ ఏరు రావల్ల?"

యేసన్న బీడీ నలిపేసి గొంతు పెంచాడు. "ఊరి ముందర ఒట్టు పెట్టినా. చుక్క పడదని చెప్పినా. నా అతుకు మీద ఒకడు నోరు పారేసుకున్నాడు. ఇంగ నా మాట మీద గూడా పారేసుకోనీయాల్నా? గంగాళం కాడ నీ నాలిక చూపించుకోపో, ఈడ కాదు!"

నల్లమ్మ తుడిచే గుడ్డ నేలకేసి కొట్టి వంటింట్లోకి పోయింది. రెండు వందల మంది ఆమె మాట మీద ఉప్పు వేసుకుంటారు. ముట్టుకోనివాళ్ళు కూడా ఆకు పట్టుకుని వచ్చి అడుగుతారు. ఇంట్లో మనిషికి మాత్రం ఆమె నాలుక పనికిరాదు.

నాలుగో రోజుకు నారింజ చేప పైకి తేలింది. యేసన్న తిప్పేస్వామి క్యాన్లను తిట్టాడు, జిగురును తిట్టాడు, అంగడాయన్ని తిట్టాడు. చేపను ఆకులో చుట్టి పెరట్లో పూడ్చాడు. మర్నాడు ఆయన సైకిలు సందు మలుపు తిరిగాక, నల్లమ్మ తన వంతు బిందెలోంచి ఒక చెంబు నీళ్ళు పట్టి, కొళాయి మందు వాసన పోయేట్టు ఒక రాత్రి తెరిచిపెట్టి, ఆ తెల్లవారి తొట్లో మెల్లగా పోసింది. అట్లా రోజూ. తను తాగే నీళ్ళలోంచే. మధ్యాహ్నం దాహమేస్తే ఉల్లిగడ్డ నములుతూ కూర్చునేది. పదిరోజులకు నాలుక మీద ఆ మంట తగ్గింది. నీలం చేపలు రెండూ గవ్వల చుట్టూ ఒకదాన్నొకటి తరుముకోవడం మొదలుపెట్టాయి.

నీళ్ళు గీత కిందికి దిగడం లేదని యేసన్న చూశాడు. "గాలి తగ్గినట్టుండాది" అన్నాడు. బయట రేకులు ఎగిరిపోతున్నాయి.

ఆదివారం వెంకటప్ప వచ్చాడు. షెడ్డులో చేపల మాట విని విని చూడాలనిపించింది. వంగి, బల్ల కాళ్ళ అతుకులు గోటితో గీకి చూశాడు. అద్దాల మూలలు తడిమాడు. యేసన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నల్లమ్మ వంటింటి గుమ్మంలో ఉంది.

"కారలేదే" అన్నాడు వెంకటప్ప.

"రెండు నెలలాయ. చుక్క కారలేదు."

"అతుకు బాగుండాదిలే యేసన్నా. ఈ నీళ్ళు? కొళాయివేనా?"

"చుక్క గూడా కాదు సార్. సముద్రం తప్ప ఇంగేం పోయలేదు. ఊరంతా సాక్ష్యం. చెప్పమంటే మా ఆడమనిషి గూడా చెప్తాది." నల్లమ్మ వైపు తిరిగాడు. "చెప్పు."

నల్లమ్మ ఆయన మొహం చూసింది. నవంబరు నుంచీ ఎదురుచూసిన మాట ఇప్పుడే చెవిన పడిన మొహం. "నాకేం తెలుసు. నేను వంటమనిషిని" అని లోపలికి వెళ్ళి మూకుడు దబీమని పొయ్యి మీద పెట్టింది. తన చెంబుతో బతికిన చేపను చూపించి ఆయన మెప్పు పొందుతున్నాడు. మూకుడులో నూనె లేదని వాసన వచ్చేదాకా ఆమెకు తెలియలేదు.

ఆంజినమ్మ ఆ వారమే నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. మూడో రోజు పొద్దున ఆకు పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. తలుపు ఓరగా ఉంది. నల్లమ్మ చెంబు వంచి తొట్లో పోస్తోంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆంజినమ్మ ఆకు నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. నల్లమ్మ చెంబు దించి, వచ్చి, వంగి, నాకింది.

"పిడికెడు తక్కువ" అంది.

"సరే వదినా" అంది ఆంజినమ్మ. పిడికెడు వేసుకుంది. మర్నాడు కొళాయి దగ్గర చెప్పింది.

యేసన్న సైకిలు వరస పక్కగా పోతుంటే, "ఏమన్నా, ఇప్పుడు నిన్ను ఏం పేరు పెట్టి పిలవల్ల?" అంది ఆంజినమ్మ. "పాపం పేరు లేనాయన!" అంది ఇంకొకామె. ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా చెప్పారు. ఆ రోజు పనికి పోలేదు. ఇంటికి తిరిగొచ్చి చెంబు తీసి గోడకేసి కొట్టాడు. సొట్ట పడింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నారింజది చచ్చిన మర్నాటి నుంచి."

"నా పేరు తీసి కొళాయి కాడ బురదలో పారేసినావు గదే! వెంకటప్పకేం చెప్పల్ల నేను?"

"చేప బతికింది ఎట్లా అని అడుగు. నన్నడుగు. ఒక్కసారన్నా అడిగినావా?"

"బతికితే బతికింది, చస్తే చచ్చింది. ఇంగ ఆ తొట్టి మీద చెయ్యి పెడితే నీ కడుపున పుట్టిన పిల్లల మీద ఒట్టే!"

అదే నోటితో బయటికి పోయి, వరస ముందు నిలబడి, తప్పు తన ఇంట్లో జరిగిందని, ఇంకెప్పుడూ జరగదని, మళ్ళీ అదే ఒట్టు పెట్టాడు. వాళ్ళు తలలూపారు. కాదనడానికి ఏముంది, ఒక చెంబు నీళ్ళు మిగిలాయి.

ఆ రోజు నుంచి మళ్ళీ క్యాను. మళ్ళీ సుద్దగీత. గాలి ఊదుతూనే ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నల్లమ్మ వేలు ముంచి నాకేది. చెయ్యి పెట్టొద్దన్నాడు గానీ, వేలు ఆపలేకపోయాడు. ఆమె ఆయనకు ఎదురుగా నిలబడి నాకేది. మొదట అయిదు రోజులు చుర్రుమంది. పదో రోజుకు మండింది. అంచున తెల్లపొక్కు వేలిమందం కట్టింది. పదహారో రోజు పొద్దున ఒక నీలం చేప ఇసుక మీద పక్కకు ఒరిగి మొప్పలు ఎగరేస్తోంది. రెండోది పైకొచ్చి నోరు తెరిచి మూస్తోంది.

యేసన్న తొట్టి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. గడ్డం గీసుకోలేదు. ఒక చేత్తో బల్ల కాలు పట్టుకుని ఉన్నాడు, అది పారిపోతుందేమో అన్నట్టు.

"పోయల్లనా వద్దా?" అంది నల్లమ్మ.

ఆయన బల్ల కాలు వదల్లేదు.

"నీ అతుకు నిలబడింది. ఎవురూ కాదనలేదు. వెంకటప్పే చెప్పిపోయినాడు. ఇప్పుడు చస్తాండేది నీ అతుకు వల్ల కాదు. పోయల్లనా వద్దా?"

"రెండుసార్లు ఒట్టు పెట్టినా నల్లమ్మా" అన్నాడు, నేల చూస్తూ. "చావనీ."

కొళాయి వచ్చే వేళయింది. నల్లమ్మ రెండు బిందెలు తీసుకుంది. గోడ దగ్గర పడున్న సొట్టచెంబు కూడా తీసి బిందెలో వేసుకుంది. నడుస్తుంటే అది లోపల లొటలొట మోగింది. వెనక తలుపు చప్పుడైంది. సైకిలు నడిపించుకుంటూ యేసన్న కూడా వస్తున్నాడని ఆమెకు తెలుసు, తిరిగి చూడలేదు.

వరసలో ఆంజినమ్మ ముందుంది. "ఏం వదినా, బాగుండాయా నీ చేపలు?" అంది. అటూ ఇటూ ఇద్దరు నవ్వారు.

నల్లమ్మ బిందెలు దించింది. చెంబు తీసి చేత్తో పట్టుకుంది. యేసన్న సైకిలు చెట్టుకు ఆనించి ఆగిపోయాడు.

"వినండి" అంది. గొంతు పెద్దది చేయలేదు. చేయకపోయినా అందరూ తిరిగారు. "ఒట్టు పెట్టింది యేసన్న. రెండుసార్లు పెట్టినాడు. ఆయన ఈ వరసలో ఒక్కపొద్దు నిలబడింది లేదు, చుక్క మోసింది లేదు. నిలబడింది నేను. మోసింది నేను. నేనేం ఒట్టు పెట్టలేదు. నా వంతు రెండు బిందెలు, మూడోది అడగను. మీ జాడీల్లో ఉప్పు ఎంత పడల్లో చెప్పిన నాలికే ఇది. నా ఇంటి తొట్లో ఎంతుండాదో దానికి తెలుసు. ఇంగ ఆకులెత్తుకొని నా గడప కాడికి రావాకండి. చూడల్లంటే జాడీ తీసుకొని లోపలికి రాండి. నా తాగే నీళ్ళల్లోంచి ఒక చెంబు ఈ పొద్దు నుంచి రోజూ ఆ చేపలకు పోస్తా. తలుపు తెరిచిపెట్టి పోస్తా."